తిరగేసిన తీగలు

ఇన్నేళ్లు ఎదురుచూసిన వస్తువు చేతికందే ఘడియ వచ్చినప్పుడు మనిషి చేయి ఎందుకు ముడుచుకుంటాడు? వనపర్తి బస్టాండు దాటి బస్సు గోపాల్‌పేట దారి పట్టింది మొదలు వినయ్ తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇదొక్కటే. చొక్కా జేబులో ఫోను ఉంది, ఫోనులో ఇస్రాయేలు గొంతు ఉంది. ఇస్రాయేలు అతని భార్య గీతకు అన్న. కట్టడాల పనికి దోహా పోయినవాడు, ఈ సాయంత్రం విమానమెక్కి ఇంటికి వస్తున్నాడు. వస్తూ వస్తూ వినయ్ కోసం ఒక ఎలక్ట్రిక్ గిటారు తేబోతున్నాడు, ఎడమచేతివాళ్ల కోసమే చేసిన గిటారు. బస్సు కదలకముందు వచ్చిన ఆ గొంతును వినయ్ చెవికి ఆనించుకుని విన్నాడు, మళ్లీ విన్నాడు. ఫోను జేబులో పెట్టేసిన తరువాత కూడా అది వినపడుతూనే ఉంది.

"బావా, నేను రిపేర్ దుకాణంలనే ఉన్న. గిటార్ నా ముందర్నే ఉన్నది. దానిమ్మ గింజ లెక్క ఎర్రగ మస్తుగుంది. ఇగ ఇను. ఈడ రిపేర్ చేసే మలయాళీ ఆయన ఏమంటుండంటే, నువ్వు ఉల్టా వాయిస్తవ్ గదా, నీకు అలవాటున్నట్టే తీగలు తిప్పి కడతడంట. కని తిప్పాలంటే మెడ మీద ఒక ఎముక ముక్క ఉంటదంట, తీగలు కూసునేది, దాని గాట్లు గీకి పెద్దగ చెయ్యాలంట. మొదలే ఎడమచేతి సామాను, కొనేటోడు దొరకడు. గాట్లు గీకినంక మల్ల అమ్ముదమంటే ఎవడు ముట్టుకోడు అంటుండు. గీకమంటవా, ఉన్నదున్నట్టు తేవాల్నా? జల్ది చెప్పు. గంటల ఆయన దుకాణం బందువెడ్తడు, నేను పెట్టె కట్టుకోవాలె."

గంట. నాగర్‌కర్నూల్ చేరడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. బస్సు కిక్కిరిసి ఉంది. పల్లికాయ సంచులు నడిచే దారిలో పడి ఉన్నాయి, వాటి మీద ఆడవాళ్లు కూర్చున్నారు, పచ్చిమట్టి వాసన బస్సంతా పరచుకుంది. వినయ్ ఒళ్లో రాజోలి చర్చి గిటారు నల్లని గుడ్డసంచిలో నిలబడి ఉంది. నాగర్‌కర్నూల్‌లో సాయంత్రం పెళ్లి ప్రార్థనలో వాయించాలని ఉదయమే సొంతూరు రాజోలి పోయి దాన్ని తీసుకుని, గద్వాల మీదుగా వనపర్తి వచ్చి, ఈ బస్సు ఎక్కాడు. కండక్టర్ మల్లీశ్వరి మనుషుల మధ్యనుంచి దారి చేసుకుంటూ వచ్చి ఆ సంచి ముందు ఆగింది.

"ఏం సారూ, దీనికి టికెట్ ఎవలు తీస్తరు? సగం సీటు ఇదే తింటుంది."

"ఒళ్లోనే పెట్టుకున్న గదమ్మా."

"ఆడదైతే చెప్పు. ఆడోళ్లకు ఫిరీ గదా, ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొడత."

పక్క సీటులోని ముసలామె సంచిని పైనుంచి కిందికి పరీక్షగా చూసింది. "నడుము జూస్తె ఆడదాని లెక్కనే ఉన్నది. కొట్టు బిడ్డా, పాపం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, వినయ్ కూడా నవ్వాడు. టికెట్ తీసుకుంటున్నప్పుడు డబ్బులు ముందుకు చాచింది తన కుడిచేయి అని అతను గమనించాడు. ఎప్పుడూ కుడిచేయే. ఇచ్చేటప్పుడు, పుచ్చుకునేటప్పుడు, తినేటప్పుడు, సంతకం చేసేటప్పుడు, పలకరించేటప్పుడు లేచేది అదే. లోకానికి తెలిసిన వినయ్ అంతా ఆ చేయే. ఎడమచేయి సంచి మెడను పట్టుకుని ఉంది, ఇంటి వెనుక గదిలో ఉండే మనిషి చుట్టాల ముందుకు రానట్టు. ఆ గదిలోకి దాన్ని పంపింది అమ్మ. బుజ్జమ్మకు కొడుకు మీద కోపం లేదు, భయం ఉండేది. కంచం ముందు కూర్చోగానే వాడి ఎడమచేయి ముందుకు వచ్చేది, ఆమె తన పాత చీర అంచు చింపి ఆ చేతిని నడుముకు కట్టేసేది. గట్టిగా కాదు. మరిచిపోకుండా ఉండేంత. "ఆ చెయ్యి కడుక్కునేటందుకు రా, తినేటందుకు గాదు. నలుగుట్ల కూసున్నప్పుడు నీ తోటి ఎవరు తింటరు?" అనేది. ఆ అంచు రంగు పసుపుపచ్చ. తిండి అయిపోయాక ముడి విప్పేటప్పుడు మణికట్టును ఒకసారి తడిమేది. కట్టింది ఆమే, తడిమింది ఆమే. ఈ రెండింటిలో ఏది అమ్మ అని అతను చాలాకాలం ఆలోచించాడు. రెండూ ఒకే మనిషి చేసిన పనులని ఒప్పుకోవడానికి అతనికి వయసు రావలసి వచ్చింది.

బడిలో పలక మీద కుడిచేయి, చర్చిలో రొట్టె ముక్కకు కుడిచేయి. కొన్నేళ్లకు చీర అంచు అవసరం లేకపోయింది. కట్టు లోపలికి పోయింది. ఇక ఎడమచేతికి మిగిలిందేమీ లేదని అందరూ అనుకుంటున్నప్పుడు రాజోలి చర్చికి గిటారు వచ్చింది. నది అవతల కర్నూలు నుంచి సభలకు వచ్చిన ఒక బృందం పోతూ పోతూ దాన్ని పాస్టరుగారికి కానుకగా వదిలిపోయింది, నేర్పేవాళ్లను మాత్రం వదిలిపోలేదు. ఊళ్లో ఎవరూ దగ్గరగా గిటారును చూసినవాళ్లు కారు. డోలు ఎట్లా పట్టాలో తెలుసు, హార్మోనియం ముందు ఎట్లా కూర్చోవాలో తెలుసు. దీన్ని ఏ చేత్తో మీటాలో, ఏ చేత్తో అదమాలో చెప్పే నియమం ఊరిలోకి ఇంకా రాలేదు. పాస్టరుగారు దాన్ని వినయ్ ఒళ్లో పెట్టారు. వినయ్ శరీరం దాన్ని తనకు తోచినట్టు తిప్పుకుంది. మెడ కుడివైపుకు పోయింది, ఎడమచేయి తీగల మీద పడింది. అమ్మ మొదటి వరుసలో కూర్చుని చూస్తూ ఉంది, ఏమీ అనలేదు. అనడానికి ఆమెకు తెలిస్తే గదా. ఆ నిమిషాన్ని అతను ఇప్పటికీ చేతిలో పట్టుకుని చూసుకుంటాడు. పుట్టిన తరువాత ఎవరూ దిద్దని మొదటి పని అది. కొన్నాళ్లకు ఊరి కుర్రవాళ్లు కొందరు అతని దగ్గర నేర్చుకున్నారు. వాళ్లది కుడిచేతివాటం, అయినా గిటారంటే ఎడమకే పట్టాలని నమ్మి, కష్టపడి, వంకర్లు తిరిగి, ఎడమకే పట్టారు. రాజోలిలో ఈనాటికీ అంతే.

బస్సు ఒక గతుకులో పడి లేచింది, సంచిలోని తీగలు సన్నగా మూలిగాయి. ముసలామె ఉలిక్కిపడి చూసి, "బతికే ఉన్నదా లోపల?" అంది. వినయ్ తలూపాడు. కిటికీ బయట పల్లి చేలల్లో పీకిన చెట్లను కుప్పలు వేస్తున్నారు, కాలువ నీళ్లు తగిలిన చోట వరి పచ్చగా ఉంది, తగలని చోట నేల ఎర్రగా ఉంది, ఆ రెండు రంగుల మధ్య గట్టు మీద ఒక కరెంటు స్తంభాల వరుస ఎటో పోతూ ఉంది. స్తంభాలను చూస్తే అతనికి తన ఉద్యోగం గుర్తుకు వస్తుంది, ఉద్యోగం గుర్తుకు వస్తే మోత గుర్తుకు వస్తుంది. వీపనగండ్ల సబ్‌స్టేషన్‌లో అతను ఆపరేటరు. అక్కడ ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడూ మూలుగుతూ ఉంటుంది, పగలూ రాత్రీ ఒకే స్వరం. డ్యూటీలో కూర్చుని తత్త్వశాస్త్రం పుస్తకాలు చదివే అలవాటు అతనికి ఆ స్వరంలోనే అబ్బింది. గిటారు లావు తీగ మీద మూడో మెట్టు నొక్కితే వచ్చే ధ్వనికి వెంట్రుకవాసి పైన ఉంటుంది ఆ మోత. దానితో కలవాలని అతను తీగలన్నింటినీ ఆ వెంట్రుకవాసి ఎక్కువ బిగించడం అలవాటు చేసుకున్నాడు. ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించే ఆయన తల పట్టుకునేవాడు. "ఏంది వినయ్, నువ్వు సబ్‌స్టేషన్‌ను ఎంబడి తెస్తవా?"

కాని మోతలో అతను వింటున్నది శ్రుతి ఒక్కటే కాదు, ఆగకపోవడాన్ని కూడా. మామూలు గిటారు మీద స్వరం పుట్టగానే చావడం మొదలుపెడుతుంది. మీటిన చోటే దాని ఆయుష్షు తరగడం వినపడుతుంది, ఎంత ప్రేమగా మీటినా అంతే. మొదటిసారి ఎలక్ట్రిక్ గిటారు అతను గద్వాలలో, ఒక సెల్‌ఫోన్ల దుకాణం బయట పెట్టిన స్పీకరులో విన్నాడు. ఎవరు వాయిస్తున్నారో తెలియదు, ఏ దేశమో తెలియదు. ఒక స్వరం మొదలై, చావలేదు. నిలబడింది. నిలబడి, కొంచెం వణికి, వణుకులోంచి ఇంకొంచెం పెద్దదై, రోడ్డు మీద ఆటోలు పోతున్నా, జొన్న సంచులు దించుతున్నా, అక్కడే ఉంది. వినయ్ చేతిలో మందుల చీటీతో ఎండలో నిలబడిపోయాడు. మనిషి కోరిక ధ్వనిగా మారితే ఇట్లా ఉంటుందని అనుకున్నాడు. అది దేన్నీ అందుకోదు, అయినా దిగిపోదు. కరెంటు ఉన్నంతసేపూ ఉంటుంది. ఆ రోజు నుంచి అతనికి అది కావాలి.

కావాలనుకోవడం సులభం. హైదరాబాదు దుకాణాల్లో గోడ నిండా ఎలక్ట్రిక్ గిటార్లు వేలాడుతూ ఉంటాయి, అన్నీ కుడిచేతివాళ్లవి. తిరగేసి పట్టుకుంటే మోకాలికి ఆనవలసిన నొక్కు పైకి పోతుంది, ధ్వని తిప్పే బిరడాలు మోచేతి కింద పడి వాయిస్తూ ఉండగా తిరిగిపోతాయి, వైరు గుచ్చే చోటు మొహం వైపు వస్తుంది. చెక్క గిటారు తిరగేస్తే ఊరుకుంటుంది, ఇది ఊరుకోదు. ఎడమచేతిది ఉందా అంటే దుకాణాలవాళ్లు అతని చేతుల వైపు చూసి, తెప్పించాలన్నారు. ఎక్కడినుంచి అంటే బయటి దేశం నుంచి. అప్పటి నుంచి వినయ్ కూడా బయటి దేశాలను వెతికాడు, డ్యూటీ గదిలో, ఫోను వెలుగులో. జపానులో వాడిన గిటార్లు అమ్మే దుకాణాల బొమ్మలు, ఒక్కొక్క గీత దగ్గరగా తీసి చూపించినవి, ఎవరో మణికట్టు ఆనించి అరగదీసిన మెరుపు, ఎవరి నడుము పట్టీయో రాసిన మచ్చ. అవి అతనికి మనుషుల బొమ్మలంత దగ్గరయ్యాయి. కొనబోయేవాడు ముందు తెలుసుకోవలసిన సంగతులు నేర్చుకున్నాడు. సుంకం వస్తువు ధర మీదనే పడదని, దాన్ని మోసుకొచ్చిన కూలిని, బీమాను కూడా కలిపి వేస్తారని. పెట్టె పొడవు పెరిగితే కూలి పెరుగుతుందని. మెడను మరలతో బిగించిన గిటారైతే విప్పి చిన్న పెట్టెలో పంపవచ్చని. ఎన్నోసార్లు ఒక గిటారును బుట్టలో వేసుకున్నాడు. అన్ని ఖర్చులూ కలిపి చూపించే చివరి పేజీ దాకా పోయి, వెనక్కి వచ్చాడు. మర్నాడు ఆ గిటారు పేరు కింద అమ్ముడుపోయిందని రాసి ఉండేది. ఎవరికో. అతని వెలితిలో ఎవరో ఎడమచేతివాడు తృప్తిగా కూర్చున్నట్టు అనిపించేది.

ఒకసారి ఒక గిటారు కింద, మెట్లు పొదిగిన పలక ఇండియా రోజ్‌వుడ్ అని రాశారు. అతను చాలాసేపు ఆ మాట దగ్గరే ఉన్నాడు. రోజ్‌వుడ్ అంటే జిట్రేగి. నాన్న యోహాను ఎండాకాలం వలసపోయి, నల్లమలలో చెట్లు కొట్టే కూపుల్లో దుంగలు మోసినవాడు. చెంచు మనుషులు దారి చూపిస్తే వీళ్లు లారీ దాకా మోసేవాళ్లు. ఇంటికి వచ్చాక నాన్న భుజం మీద నల్లని కమిలిన గుర్తు ఉండేది. "జిట్రేగి దుంగ భుజం మీద పెడితే మనిషిని మోసినట్టుంటది రా, సచ్చిన మనిషిని గాదు, పండుకున్న మనిషిని" అనేవాడు. ఆ దుంగలు ఎక్కడికి పోయేవో నాన్నకు తెలియదు, లారీ ఎక్కేదాకానే అతనికి తెలుసు. ఆ జిట్రేగే సముద్రం దాటి, ఎవరి చేతుల్లోనో పలకై, ఎవరి వేళ్లకిందో అరిగి, ఒక బొమ్మగా కొడుకు ఫోనులోకి వచ్చి, సుంకం కట్టి తీసుకొమ్మంటోంది. అది నాన్న మోసిన దుంగే అని అనుకునేంత పిచ్చి వినయ్‌కు లేదు. అయినా ఆ బొమ్మ మీద బొటనవేలు ఆనించి ఉంచాడు, తెర దానంతటది ఆరిపోయేదాకా.

గోపాల్‌పేటలో బస్సు ఆగింది. కొందరు దిగారు, అంతకంటే ఎక్కువమంది ఎక్కారు. మల్లీశ్వరి గొంతు వెనకనుంచి వస్తోంది, "ముందుకు జరగుండ్రి, జర ముందుకు, బస్సు ముందట మస్తు జాగ ఉన్నది, అందరు నన్నే ప్రేమించి ఈడ నిలబడితే ఎట్ల." వినయ్ జేబు తడుముకున్నాడు. గీతకు ఫోన్ చేద్దామా అనుకున్నాడు, అనుకుంటుండగానే ఆమె ఫోన్ వచ్చింది.

"అన్న నాకు గుడ చేసిండు. నీ ఫోన్ కోసం సూస్తుండంట. ఏం జెప్పినవ్?"

"ఇంకా చెప్పలే."

"అందులో సోంచాయించేదేముందయ్యా? నువ్వు వాయించేటట్టు కట్టియ్యి. కట్టియ్యకపోతే ఉన్నదున్నట్టు తెమ్మను. ఏదన్న ఒకటి. ఆ గిటార్ కోసమని దుప్పట్లు తీసేసిండంట పెట్టెలకెల్లి. మా వదిన దుప్పట్ల మీద ఆశ పెట్టుకున్నది, ఇగ నిన్ను బతకనియ్యది."

"ఏది చెప్పాల్నో తెల్వదు గీతా."

"నీకు కావాలె గదా అది?" అంది. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"కావాలె."

"మరి భయమేంది?"

లైను తెగింది, గుట్టల మధ్య అక్కడ ఎప్పుడూ తెగుతుంది. భయమేంది? సరైన ప్రశ్నలు వేయడానికి పుస్తకాలు అవసరం లేదని గీతను చూసినప్పుడల్లా అతనికి అనిపిస్తుంది. గిటారు అమ్ముతున్నది దోహాలో ఒక హోటలులో వాయించే ఫిలిప్పీన్స్ మనిషి, తన దేశం వెళ్లిపోతున్నాడు. కొనేవాడు ఎడమచేతివాడని ఇస్రాయేలు చెబితే ధర తగ్గించాడట. మోసుకొచ్చే కూలి లేదు, వాడిన సామాను, ప్రయాణికుడి పెట్టెలో మెడ విప్పి పెడితే సరిపోతుంది, సుంకం మాఫీ హద్దు లోపలే ఉంటుంది. దాచవద్దు, అడిగితే తీసి చూపించు అని వినయ్ ముందే చెప్పాడు. ఇన్నేళ్లు చివరి పేజీలో అడ్డం పడిన గోడ ఈసారి లేదు. గోడ ఉన్నప్పుడు అతని కోరికకు ఒక ఆకారం ఉండేది. గోడ లేకపోయేసరికి ఆ కోరిక తన మొహం చూపించింది, అతను భయపడింది ఆ మొహానికి.

తాను గిటారును ఎడమకు పట్టడమే కాక తలకిందులుగా పట్టానని అతనికి తెలియజేసినవాడు భానుప్రకాశ్. గద్వాలలో పెళ్లి బ్యాండులో వాయించేవాడు, ఒకసారి రాజోలి వచ్చి చూసి, నోరు తెరిచాడు. "అన్నా, ఎడమచెయ్యోళ్లు తీగలు తిప్పి కట్టుకుంటరు. నువ్వు కుడిచెయ్యోని గిటార్‌ను గట్లనే తిరగేసినవ్. పుస్తకం తలకిందులు పట్టి సదివినట్టే." కొంచెంసేపు విని మళ్లీ అన్నాడు, "కని సదువుతున్నవ్. నాకు పరేషానైతుంది." మామూలుగా లావు తీగ పైన ఉండాలి, సన్నతీగ కింద. వినయ్‌కు సన్నతీగ పైన, లావుది కింద. చేయి కిందికి ఊపితే అందరికీ ముందు లావు ధ్వని, తరువాత సన్న ధ్వని. అతనికి ముందు సన్నవి, చివర లావువి. ఆ ఆదివారం భానుప్రకాశ్ సరైన పద్ధతిలో చర్చిలో వాయించి చూపించాడు, నిజంగా బాగా వాయించాడు. పాట అయ్యాక వెనుక వరుసలోని ఒక అవ్వ మొహమాటపడుతూనే అంది. "మంచిగుంది నాయనా. కని మన పాటల ముందు పిల్లలు పాడతరు, వాళ్ల ఎనుక పెద్దోళ్లు అందుకుంటరు. నీదాంట్ల పెద్దోళ్లు ముందే మీద పడుతుండ్రు." అందరూ నవ్వారు. వినయ్ మాత్రం సిగ్గుపడ్డాడు. ఊరి చెవిని తన తప్పుతో తయారుచేశానని సిగ్గు. అప్పటి నుంచి అతను రెండు కోరికలు మోస్తున్నాడు, బయటికి ఒకటిగా కనబడేవి. చావని స్వరం ఒకటి. తప్పు లేని వినయ్ ఒకడు.

ఎడమచేతి గిటారు, ఎడమచేతి తీగల వరుసతో, ఉన్నదున్నట్టు వస్తే, పసుపుపచ్చ అంచుతో ఎవరూ కట్టకపోతే తాను అయ్యుండే ఆ పిల్లవాడు దాన్ని అందుకుంటాడు. అతనికి మొదటినుంచీ సరైన గిటారు దొరికి ఉండేది, ఎవరో పక్కన కూర్చుని సరిగ్గా నేర్పి ఉండేవారు. అతను ఇప్పుడు ఎక్కడో హాయిగా వాయిస్తూ ఉండేవాడు. ఇన్నేళ్లు వినయ్ బుట్టలో వేసుకుని తీసేసింది గిటార్లను కాదేమో, ఆ పిల్లవాడిని. అతను వస్తే ఈ వేళ్లు దేనికీ పనికిరావు. ప్రతి పాటా మొదటినుంచి, నత్తిగా. దానికైనా సిద్ధమే, నిజంగా సిద్ధమే. కాని గాట్లు గీకిస్తే ఆ పిల్లవాడు ఇక రాడు. ఆ మలయాళీ చేతిలోని ఆకురాయి అతన్ని చెరిపేస్తుంది. అలవాటుకు ముందు మనిషంటూ ఒకడు ఉంటాడా, ఉల్లిపాయ పొరల వెనుక ఉల్లిపాయ ఉన్నట్టు? డ్యూటీ గదిలో చదివిన పుస్తకాలు ఉంటాడని కొన్ని, ఉండడని కొన్ని చెప్పాయి. రెండు వైపులా పెన్సిలుతో గీతలు గీశాడు, కుడిచేత్తో.

అమ్మ ఆఖరి రోజులు గుర్తుకు వచ్చాయి, పిలవకుండానే. పక్షవాతం వచ్చి ఆమె కుడివైపు పడిపోయింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక గీత తినిపించబోతే నోరు బిగించుకుంది. ఇంకొకరి చేతి ముద్ద ఆమెకు పడదు. కంచం వైపు చూస్తూ కూర్చుంది. ఆమె ఎడమచేయి మంచం పట్టె మీద ఉంది, కొత్త కోడలిలా. చాలాసేపటికి వినయ్ వైపు చూసి అంది, "నీ చెయ్యి ఎట్ల తిరుగుతదో జర చూపియ్యి రా." ఆ మాటలో క్షమించమని అడగడం లేదు, ఆమెకు ఆకలిగా ఉంది, అంతే. అతను పక్కన కూర్చుని, ఎన్నో ఏళ్ల తరువాత ఎడమచేత్తో అన్నం కలిపి చూపించాడు. వేళ్లు ఇట్లా, బొటనవేలు ఇట్లా తోయాలి. తనకు ఎడమచేతివాటం గురించి తెలుసని, అది తన సొత్తని, ఇప్పుడు ఆమెకు ఇస్తున్నానని లోలోపల గర్వం. ఆమె రెండు పూటలు అతను చూపినట్టు ప్రయత్నించింది, అన్నమంతా ఒళ్లో పడింది. ఆ తరువాత ఒక పొద్దున అతను చూస్తుండగా మణికట్టును బయటికి విరిచి, చిటికెనవేలు కంచం అంచుకు ఆనించి, ముద్దను అరచేతి అంచుతో పైకి తోసి తినేసింది. కుడిచేయి అట్లా తినదు, అతని ఎడమచేయి కూడా అట్లా తినదు. ఆ పద్ధతి అంతకుముందు ఈ భూమి మీద లేదు. "గట్ల గాదమ్మా" అన్నాడు వినయ్. అన్న తరువాత తన గొంతు తనకే వినపడింది, ఎవరి గొంతో గుర్తుపట్టాడు. బుజ్జమ్మ ముద్ద మింగి నింపాదిగా చెప్పింది. "నువ్వు చూపిచ్చినట్ల రాదు నాకు. నా చెయ్యికి తోచినట్ల తింట. కడుపు నిండుతుంది గదా."

కిటికీలోంచి గాలి చల్లబడింది. ఇంకొంచెం దూరంలో నాగర్‌కర్నూల్. వినయ్ తన ఎడమచేతిని సంచి మెడ మీదనుంచి తీసి, తిప్పి చూసుకున్నాడు. ఎడమచేతివాళ్ల గిటారు అని అది రాసుకుని వస్తోంది. ఎవరి ఎడమచేయి? అద్దంలో కుడిచేతివాడిలా కనబడేవాడిది. అతనికీ ఒక తీగల వరుస ఉంది, అతన్నీ ఎవరో దిద్దారు. చెక్క నడుము ఒంటికి ఆనేచోటు సరిగ్గా ఉంటుంది, బిరడాలు మోచేతికి తగలవు, అంతవరకు ఆ చేసినవాళ్లకు దండం. తీగలు మాత్రం రాజోలివి. పసుపుపచ్చ అంచు కట్టని పిల్లవాడు ఒకడు ఎక్కడో ఉన్నాడని ఇన్నాళ్లు నమ్మాడు. వాడికి అమ్మ ఉండదు. రాజోలి అవ్వ ఉండదు. వాడు వాయిస్తే ఎవరు ముందు పాడతారో, ఎవరు వెనుక అందుకుంటారో వాడికి తెలియదు. వాడిని రానివ్వకపోవడం చిన్న పనేమీ కాదు. వినయ్ ఫోన్ తీసి, ఇస్రాయేలు పేరు మీద నొక్కాడు.

మొదటి మోతకే ఎత్తాడు. "బావా, చెప్పు. ఆయన చెప్పులు తొడుక్కుంటుండు."

"గీకమను."

"సోంచాయించినవా? మల్ల నన్ను అనొద్దు. రేపు అమ్ముదమంటే పోదు అది."

"అమ్మను బావా. ఎన్నడు అమ్మను. సన్న తీగ పైకి, లావుది కిందికి. గీకమను."

అవతల ఇస్రాయేలు హిందీలో ఏదో చెప్పాడు. ఎవరో నవ్వారు, కుర్చీ జరిగింది, ఒక సొరుగు తెరుచుకుంది.

"సరే, పని మొదలువెడుతుండు. పెడ్తున్న ఇగ ఫోను."

"పెట్టకు. ఆయన చెయ్యి దగ్గర పెట్టు."

"ఎందుకు?"

"ఆ సప్పుడు ఇంట."

"నీకు పిచ్చి లేసింది" అన్నాడు ఇస్రాయేలు. అయినా ఫోనును ఎక్కడో చెక్క మీద పెట్టిన చప్పుడు వచ్చింది. వినయ్ రెండో చెవిని అరచేత్తో మూసుకున్నాడు. బస్సు మోత, మల్లీశ్వరి గొంతు, పల్లికాయ సంచుల మీది మాటలు, అన్నీ ఆ అరచేతి బయట ఉండిపోయాయి. కొంతసేపు ఏమీ లేదు. తరువాత, సముద్రం అవతల, ఆకురాయి ఎముక మీద ఒకసారి నడిచింది. ఆగింది. ఎవరో ఉఫ్ మని పొడి ఊదారు. మళ్లీ నడిచింది.